డయాలసిస్ మెషిన్ పక్కన కూర్చుని అడుగుతున్నాను, దేవుణ్ణి నమ్మడం అంటే ఇప్పుడు నేను ఏం చేయాలి?

అంబత్తూరు_చెల్లి | సోమవారం రాత్రి 11:40

అందరికీ వందనాలు. ఇక్కడ రోజూ చదువుతాను గానీ ఎప్పుడూ రాయలేదు. ఈ రోజు రాయకపోతే నిద్ర పట్టేలా లేదు.

మాది నెల్లూరు జిల్లా, పెళ్ళయిన దగ్గర్నుంచి చెన్నైలోనే. మావారు అంబత్తూరు ఎస్టేటులో లేత్ మెషిన్ మీద పని చేస్తారు, నేను ఇంట్లో బ్లౌజులు కుడతాను, ఒక పాప, నాలుగో తరగతి. పోయిన డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో నాకు వచ్చిన వాగ్దానం కార్డు (కొత్త ఏడాదికి దేవుని మాటగా ఇచ్చే బైబిలు వచనం) యిర్మీయా 29:11, "సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావు" అని. సంతోషంగా తెచ్చి బీరువా అద్దానికి అంటించాను. ఫిబ్రవరిలో ఆయనకి కాళ్ళు వాచాయి. రోజంతా నిలబడే పని కదా అందుకేలే అనుకున్నాం. మొహం కూడా వాచాక రక్తపరీక్ష చేయిస్తే, కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే క్రియాటినిన్ చాలా ఎక్కువగా, 11 వచ్చింది. బీపీ ఎన్నేళ్ళుగానో ఉండి ఉంటుంది, చూపించుకోలేదు, రెండు కిడ్నీలూ పోయాయి అన్నారు. ఇప్పుడు సోమ, బుధ, శుక్రవారాలు డయాలసిస్, ఒక్కోసారి నాలుగు గంటలు.

ఎడమ చేతికి ఆపరేషన్ చేసి రక్తనాళాలు కలిపారు, ఫిస్టులా అంటారు. దాని మీద వేలు పెడితే లోపల తుమ్మెద తిరుగుతున్నట్టు జుమ్మని తెలుస్తుంది. అది తెలియకపోతే వెంటనే రమ్మన్నారు. రాత్రి రెండింటికో మూడింటికో మెలకువ వస్తుంది, చీకట్లోనే ఆయన చెయ్యి వెతుక్కుని వేలు పెట్టి చూసుకుంటాను. నా ప్రార్థన ఇప్పుడు అంతే. మోకాళ్ళ మీద కూర్చుంటే నోట్లోంచి ఒక్క మాట రావట్లేదు.

పోయిన ఆదివారం ప్రార్థనకని వచ్చిన ఒక పెద్దావిడ, "ఒప్పుకోని పాపం ఏదో ఉండి ఉంటుందమ్మా, ఇద్దరూ పరీక్షించుకోండి" అని చెప్పి వెళ్ళిపోయారు. ఆ రాత్రంతా ఆయన గోడవైపు తిరిగే పడుకున్నారు. బీరువా తెరిచినప్పుడల్లా ఆ కార్డు కనబడుతుంది. తీసేయాలనిపిస్తుంది, తీయడానికి భయమేస్తుంది. దేవుణ్ణి నమ్ము నమ్ము అని అందరూ అంటున్నారు. నమ్మడం అంటే నేను ఏం చేయాలో ఎవరైనా చెప్పండి.

పెరంబూరు_అమ్మమ్మ | సోమవారం రాత్రి 11:58

అమ్మా, ముందు ఆ కార్డు అలాగే ఉండనీ. నోట మాట రాకపోతే రాకపోనీ, బైబిల్లో బిడ్డ కోసం ప్రార్థించిన హన్నా పెదవులు మాత్రమే కదిలాయి, యాజకుడు ఏలీ చూసి తాగి వచ్చిందనుకున్నాడు, దేవుడు అలా అనుకోలేదు. నువ్వు ఆయన చేతి మీద వేలు పెడుతున్నావు చూడు, అది దేవుడికి వినపడుతుంది తల్లీ. బుధవారం మీ ఇంటికి వంట నేను తెస్తాను, ఉప్పు ఎంత వేయాలో చెప్పు.

జయ_జీవితం | మంగళవారం ఉదయం 6:15

ప్రైజ్ ద లార్డ్ సిస్టర్. మీరు "కిడ్నీలు పోయాయి" అని నోటితో ఒప్పుకోవడమే మొదటి పొరపాటు. జీవమరణాలు నాలుక వశంలో ఉన్నాయి. నాకు కామెర్లు వచ్చినప్పుడు మూడు రోజులు ఉపవాసం ఉండి, స్వస్థత వచ్చేసింది అని ప్రకటించాను, వచ్చింది. మెషిన్ మీద ఆధారపడినంత కాలం మీ విశ్వాసం మెషిన్ మీదే ఉంటుంది. ఒక వారం దాన్ని పక్కన పెట్టి దేవుణ్ణి పరీక్షించి చూడండి. ఆమేన్.

కీల్పాక్_నర్సు | మంగళవారం ఉదయం 7:02

సిస్టర్, నైట్ డ్యూటీ దిగి ఇంకా యూనిఫాం కూడా మార్చలేదు, ఇది చదివి ఆగలేక రాస్తున్నాను. పై మాట దయచేసి వినకండి. తొమ్మిదేళ్ళుగా డయాలసిస్ యూనిట్‌లో ఉన్నాను. ఒక్క సెషన్ మానేస్తే ఒంట్లో నీరు పేరుకుని ఊపిరితిత్తుల్లోకి చేరొచ్చు, పడుకుంటే ఊపిరి ఆడదు. పొటాషియం పెరిగితే గుండె లయ తప్పుతుంది, అది ముందు చెప్పి రాదు. ఒక వారం అనేది చాలా పెద్ద మాట బ్రదర్, ఆ మాట విని మానేసిన వాళ్ళని స్ట్రెచర్ మీద తీసుకొస్తే నేను చూశాను.

మీ విశ్వాసం ఎక్కడుందో మెషిన్‌ని బట్టి తేలదు. అపొస్తలుడైన పౌలు పక్కనే తిరిగిన లూకా వైద్యుడు, "ప్రియుడైన వైద్యుడు" అని పౌలే రాశాడు. అదే పౌలు, ఎందరినో స్వస్థపరచిన మనిషి, తనతో తిరిగే త్రోఫిమును రోగిగానే మిలేతులో విడిచి వచ్చానని తిమోతికి రాశాడు. అందులో త్రోఫిముని తప్పుపట్టే మాట ఒక్కటీ లేదు.

ఇంకో మాట. పరామర్శకి వచ్చేవాళ్ళు మన ఊళ్ళో ముందు తెచ్చేది కొబ్బరిబోండాం, అరటిపళ్ళు. ఆ రెండూ ఆయనకి వద్దు, పొటాషియం ఎక్కువ. కూరగాయలు చిన్న ముక్కలు కోసి ఎక్కువ నీళ్ళలో ఉడికించి ఆ నీళ్ళు వంపేయండి. ఫిస్టులా ఉన్న చేతికి బీపీ చూడనివ్వద్దు, సూది గుచ్చనివ్వద్దు, ఆ చేతి మీద తల పెట్టి పడుకోనివ్వద్దు, ఆ చేత్తో బరువు మోయనివ్వద్దు. మీరు రాత్రిపూట వేలు పెట్టి చూడటం చాలా మంచి పని, మేము ఎంతమందికి చెప్పినా చేయరు.

మోడరేటర్ | మంగళవారం ఉదయం 9:30

వైద్యం ఆపమని ఇక్కడ ఎవరూ సలహా ఇవ్వకూడదు, ఇది మొదటి నుంచీ ఉన్న నియమం. జయ_జీవితం గారి పోస్టు తీసేయడం లేదు, ఎందుకంటే చాలా ఇళ్ళలో ఇదే మాట వినిపిస్తోంది, దానికి నర్సు గారి జవాబు కూడా పక్కనే ఉండాలి. ఇంకోసారి అయితే తీసేస్తాను.

సైదాపేట_2015 | మంగళవారం మధ్యాహ్నం 1:20

అక్కా, పాపం వల్ల అన్న మాట గురించి. యోహాను 9లో పుట్టుగుడ్డివాణ్ణి చూసి శిష్యులు అదే అడిగారు కదా, వీడా వీడి కన్నవాళ్ళా ఎవరు పాపం చేశారు అని. యేసు ఇద్దరూ కాదన్నాడు. అంత సూటిగా ఆయనే చెప్పాక మన ఇళ్ళకొచ్చి మళ్ళీ అదే ప్రశ్న వేసేవాళ్ళని చూస్తే బాధేస్తుంది.

నా సంగతి చెప్తాను. 2015 డిసెంబరు 1 రాత్రి మేము అడయార్ నది గట్టున రేకుల ఇంట్లో ఉన్నాం. చెంబరంబాక్కం చెరువు నుంచి 29,000 క్యూసెక్కుల నీళ్ళు వదిలారని తర్వాత పేపర్లో చదివాం, ఆ రాత్రి మాకు తెలిసింది మాత్రం గడప దగ్గర చెప్పులు తేలడం ఒక్కటే. అరగంటలో మోకాళ్ళ వరకు వచ్చింది. ఎదురు మేడ మీదికి ఎక్కాం, రెండు రోజులు కరెంటు లేదు ఫోన్ లేదు. నేను, మా అమ్మ, మా పక్కింటి పెద్దాయన ముగ్గురం ఆ మేడ మెట్ల మీద ప్రార్థన చేసుకున్నాం. అందరికంటే గట్టిగా ప్రార్థించింది ఆ పెద్దాయనే. షుగర్ మందులు నీళ్ళలో పోయాయి, మూడో రోజు ఆయన చనిపోయారు. తర్వాత సంఘంలో నన్ను సాక్ష్యం చెప్పమన్నారు, "ప్రార్థించాం, దేవుడు కాపాడాడు" అని. నేను లేచి నిలబడ్డాను గానీ ఆయన భార్య ముందు వరసలో కూర్చుని ఉంది. ఆ మాట నా నోట రాలేదు. "మేము బతికాం, ఎందుకో నాకు తెలీదు, దేవుడు ఆ మెట్ల మీద మాతో ఉన్నాడని మాత్రం తెలుసు" అని కూర్చున్నాను. ఆవిడ నా దగ్గరికి వచ్చి చెయ్యి పట్టుకుంది. పదేళ్ళయినా ఆ మాటకంటే ఎక్కువ చెప్పడం నాకు చేతకాలేదు.

ఓఎంఆర్_తమ్ముడు | మంగళవారం రాత్రి 10:45

ఈ చర్చలో నేను రాయొచ్చో లేదో. నాకు ఉద్యోగం పోయి నాలుగు నెలలైంది, మీ కష్టం ముందు నాది కష్టమే కాదు అక్కా. కానీ ప్రశ్న అదే. రోజూ వాక్యం చదివేవాణ్ణి, ఆదివారం గిటార్ వాయించేవాణ్ణి. ఇప్పుడు గుడికి వెళ్తే ప్రతి ఒక్కరూ "దేవుడు నీకు ఏదో నేర్పిస్తున్నాడు బ్రదర్" అంటారు. ఏం నేర్పిస్తున్నాడో వాళ్ళకీ తెలీదు నాకూ తెలీదు. ఇంట్లో అమ్మకి ఇంకా చెప్పలేదు, నెలనెలా డబ్బు పంపుతూనే ఉన్నాను, దాచుకున్నది అయిపోవస్తోంది, టెన్షన్‌తో రాత్రి మూడింటికి లేచి బాల్కనీలో నిలబడుతున్నాను. నమ్ముతున్నానో లేదో నాకే తెలియట్లేదు. అలాంటి వాడు ప్రార్థన చేయొచ్చా?

వ్యాసర్పాడి_మాస్టారు | మంగళవారం రాత్రి 11:30

బాబూ, చేయొచ్చు. మూర్ఛ వచ్చే కొడుకుని తీసుకొచ్చిన తండ్రి యేసుతో ఏమన్నాడు, నమ్ముతున్నాను, నా అపనమ్మకం పోయేలా సాయం చెయ్యి అన్నాడు. రెండూ ఒక్క నోటితోనే అన్నాడు. ముందు నీ నమ్మకం సరిచేసుకుని రా అని ఆయన్ని వెనక్కి పంపలేదు, పిల్లవాణ్ణి బాగుచేశాడు.

మనం ఉన్న ఊరు కూడా గుర్తు చేసుకో. శాంథోమ్ చర్చిలో ఉన్నది యేసు శిష్యుడు తోమా సమాధి అని తరతరాలుగా నమ్ముతున్నారు, పరంగిమలై (సెయింట్ థామస్ మౌంట్) మీద క్రీస్తుశకం 72లో ఆయన్ని చంపారని చెప్తారు. గాయాల్లో వేలు పెడితే గానీ నమ్మను అన్న మనిషి ఆయన. ప్రభువు ఎనిమిది రోజుల తర్వాత వచ్చి ఆయన అడిగిన గాయాలే చూపించాడు. నాకు ఎప్పుడూ ఆశ్చర్యంగా ఉండేది ఏమిటంటే, మరణాన్ని గెలిచి లేచిన శరీరంలో కూడా ఆ గాయాలు అలాగే ఉన్నాయి, వాటిని తీసేసుకుని రాలేదు.

అంబత్తూరు చెల్లెమ్మా, నీకు నా భార్య సంగతి చెప్తాను. రొమ్ము క్యాన్సర్, మూడేళ్ళు. వేలూరు ఆసుపత్రికి ఎన్నిసార్లు వెళ్ళామో, కాట్పాడి స్టేషన్లో ఇడ్లీ అమ్మే అతనికి మేము ఇద్దరం గుర్తే. సంఘమంతా నలభై రోజులు ఉపవాసం ఉన్నారు. నాకు స్వప్నాలు కూడా చెప్పారు, ఆమె లేచి నడుస్తున్నట్టు చూశాం అని. ఆమె పోయింది. ఆమె పోయిన ఆ నెలలోనే నేను బైబిలు తెరిస్తే, రాజు విగ్రహానికి మొక్కమన్న షద్రకు మేషాకు అబేద్నెగోల దగ్గర తెరుచుకుంది. మా దేవుడు రక్షించగలడు అన్నారు, ఆ వెంటనే "ఒకవేళ ఆయన రక్షింపకపోయినను" అన్నారు. ముప్ఫై ఏళ్ళు పిల్లలకి ఆ కథ చెప్పాను, ఆ రెండో వాక్యం దగ్గర ఎప్పుడూ ఆగలేదు. అది నమ్మకం తక్కువై అన్న మాట కాదు. అగ్నిగుండం ముందు నిలబడి అన్నారు.

అయినా ఆ మాట నేను వెంటనే అనలేకపోయాను, అది కూడా నిజం చెప్పాలి. ఏడాది పాటు 88వ కీర్తన ఒక్కటే చదివాను. మిగతా విలాప కీర్తనలు చాలావరకు చివర్లో ఎక్కడో వెలుగు వైపు తిరుగుతాయి, అది తిరగదు. "చీకటియే నాకు బంధువర్గమాయెను" అని ముగుస్తుంది. దాన్ని కూడా దేవుడు తన గ్రంథంలో ఉంచాడు, అది నాకు ఆసరా అయింది.

రిటైర్డ్_ఐసీఎఫ్ | బుధవారం ఉదయం 5:50

అమ్మాయ్, నీ కార్డు గురించి ఎవరూ ముట్టుకోలేదు. నేను రాస్తాను, కొంచెం పెద్దగానే ఉంటుంది, ఓపికగా చదువు.

ఆ 11వ వచనం ఒక ఉత్తరంలోది. క్రీస్తుపూర్వం 597లో చెరపట్టబడి బబులోనులో కూలబడ్డ యూదులకి యెరూషలేము నుంచి యిర్మీయా ప్రవక్త రాశాడు. దానికి ముందు అధ్యాయం కూడా చదువు. హనన్యా అనే ప్రవక్త దేవాలయంలో అందరి ముందు చెప్పాడు, రెండేళ్ళలో అంతా తిరిగి వచ్చేస్తారు అని. యిర్మీయా ముందు ఏమన్నాడో తెలుసా, ఆమేన్ అన్నాడు, యెహోవా అలాగే చేయుగాక అన్నాడు. ఆయనకీ అదే కావాలి. కానీ దేవుడు ఆయనకి చెప్పిన లెక్క వేరు, డెబ్భై ఏళ్ళు. మన కార్డు మీద 11 అచ్చు వేస్తారు, దానికి పైనున్న 10లో ఆ డెబ్భై ఏళ్ళ మాట ఉంది. ఆ ఉత్తరం చదివించుకుని విన్న పెద్దవాళ్ళు చాలామంది ఇంటి ముఖం చూడకుండానే అక్కడే మట్టిలో కలిశారు. అయినా వాళ్ళతోనే దేవుడు అన్నాడు, నాకు మీ విషయంలో ఉన్నది హానికరమైన ఉద్దేశం కాదు అని. అంటే ఆ మాట "ఈ ఏడాది నీకు ఏ జబ్బూ రాదు" అనే హామీ కాదు. చెరలో ఉన్నా నువ్వు నా లెక్కలోనే ఉన్నావు అనే మాట. నీ కార్డు అబద్ధం కాలేదమ్మా. నీకు దాన్ని సగం కోసి ఇచ్చారు.

మరి ఈలోగా ఏం చేయాలి అని నువ్వు అడిగావు. 5వ వచనం చూడు, ఇళ్ళు కట్టుకోండి, తోటలు నాటి వాటి పళ్ళు తినండి. 7వ వచనంలో, మిమ్మల్ని తీసుకుపోయిన ఆ పట్టణం క్షేమం కోసమే ప్రార్థన చేయండి. నేను 1979లో గూడూరు నుంచి ఇక్కడికి వచ్చి ఐసీఎఫ్ రైలుపెట్టెల ఫ్యాక్టరీలో చేరినప్పుడు రెండేళ్ళలో బదిలీ చేయించుకుని పోదామనుకున్నాను. ఎలాగూ వెళ్ళిపోతాం కదా అని మా ఆవిడని క్వార్టర్ వెనక కరివేపాకు మొక్క కూడా పెట్టనివ్వలేదు. ఆరేళ్ళు అలాగే గడిపాం, సగం పెట్టెలు విప్పకుండా. మా రెండో బిడ్డ పురిట్లోనే పోయినప్పుడు, పక్క క్వార్టర్ తమిళావిడ పదకొండు రోజులు మాకు వండిపెట్టింది, ఆవిడ పేరు కూడా నేను అంతకుముందు అడగలేదు. ఆ తర్వాత పెట్టెలు విప్పాం.

ఇంకొకటి, డబ్బు సంగతి. ఆంధ్రలో డయాలసిస్ చేయించుకునేవాళ్ళకి నెలకి 10,000 పింఛను ఉంది, మీ రేషన్ కార్డు నెల్లూరు జిల్లాలోనే ఉంటే ఊళ్ళో సచివాలయంలో అర్హత అడిగించు. ఇక్కడి ముఖ్యమంత్రి బీమాకి మాత్రం తమిళనాడు రేషన్ కార్డు కావాలి. రెండు చోట్లా కార్డు ఉండటం కుదరదు కాబట్టి ఏది మేలో ముందు కూర్చుని చూసుకోండి. కిడ్నీ మార్పిడి వెయిటింగ్ లిస్టు ఇక్కడ తమిళనాడు ప్రభుత్వ అవయవ మార్పిడి సంస్థ ట్రాన్స్‌టాన్ ద్వారా నడుస్తుంది, పేరు నమోదు ఆసుపత్రి వాళ్ళే చేయాలి, చేశారో లేదో అడుగు.

జయ_జీవితం | బుధవారం రాత్రి 9:10

నర్సు సిస్టర్ రాసింది రెండుసార్లు చదివాను, మా పాస్టర్ గారికి కూడా చూపించాను. నేను రాసిన సలహా తప్పు. సిస్టర్, దయచేసి క్షమించండి. నా కామెర్లు తగ్గినందుకు దేవునికి స్తోత్రం చెప్పడం మానను, కానీ దాన్ని మీ భర్త మీద కొలబద్దగా పెట్టకూడదు. మా తమ్ముడికి కూడా ఇలాగే ఒక మాట అన్నాను రెండేళ్ళ కిందట, వాడు నాతో మాట్లాడటం మానేశాడు. ఈ రోజు ఫోన్ చేశాను.

అంబత్తూరు_చెల్లి | గురువారం రాత్రి 10:25

అందరికీ ఒకేసారి జవాబు రాస్తున్నాను, ఏడుస్తూ చదివాను, ఏమీ అనుకోకండి. జయ_జీవితం బ్రదర్, మీ మీద నాకు కోపం లేదు. మావారు కూడా మెషిన్ మానేద్దామా అని ఒకసారి నన్ను అడిగారు, ఖర్చు చూసి. అందుకే మీ పోస్టు చదివినప్పుడు భయమేసింది.

అమ్మమ్మ గారు నిన్న నిజంగానే వచ్చారు. పెరంబూరులో లోకల్ ట్రైన్ ఎక్కి, నాలుగు గిన్నెల క్యారియర్‌తో. బీరకాయ కూర ఉడికించి నీళ్ళు వంపి చేశారు. ఎక్కువ మాట్లాడలేదు, పాపకి జడ వేశారు, ఆయన మంచం దగ్గర స్టూలు వేసుకుని గంట కూర్చున్నారు. యోబు స్నేహితులు మొదటి ఏడు రోజులు అలాగే కూర్చున్నారంట కదా, నోరు విప్పాకే చెడగొట్టారని ఆవిడే వెళ్తూ వెళ్తూ అన్నారు.

రాత్రి 13వ కీర్తన తీసి ఆయన చేతికి ఇచ్చాను. చిన్నదే, ఆరు వచనాలు. "యెహోవా, ఎన్నాళ్లవరకు నన్ను మరచిపోవుదువు" అని చదివి ఆగిపోయారు. "దేవుణ్ణి ఇలా కూడా అడగొచ్చా" అన్నారు నన్ను. దావీదు అడిగాడుగా అన్నాను. మళ్ళీ మొదటి నుంచి గట్టిగా చదివారు, గోడవైపు తిరగలేదు. ఫిబ్రవరి తర్వాత ఆయన నోట ప్రార్థన వినడం నాకు అదే మొదటిసారి. స్తుతి వచనం దగ్గరికి వచ్చేసరికి గొంతు పోయింది, అది పాప చదివింది.

కార్డు తీయలేదు. పాప ఒక తెల్లకాగితం మీద 29:5, 29:7, 29:10 స్కెచ్ పెన్నుతో రాసి దాని కింద అంటించింది. డెబ్భై ఏళ్ళు అని చూసి మావారు, ఇంత ఎక్కువా అన్నారు, ఆ రోజు కొంచెం నవ్వారు కూడా. నాకు జవాబు దొరికిందని చెప్పలేను. ఈ రాత్రి కూడా లేచి వేలు పెట్టి చూస్తాను. కానీ ఇప్పుడు వేలు పెట్టి "ఎన్నాళ్లవరకు" అని అడుగుతున్నాను, ముందు అది కూడా అడిగేదాన్ని కాదు.

ఓఎంఆర్ తమ్ముడూ, అమ్మకి చెప్పెయ్యి. మా అత్తగారికి మేము నెల రోజులు దాచాం, తెలిశాక ఆవిడ ఏడ్చింది జబ్బు గురించి కాదు, దాచినందుకు.

ఒక్క సాయం అడగాలి, అడగడానికి మొహమాటంగా ఉంది. రేపు శుక్రవారం ఆసుపత్రిలో మధ్యాహ్నం షిఫ్టుకి మార్చారు, ఆయన మెషిన్ మీద ఉండగా పాప బడి వదిలేస్తారు, మూడున్నరకి. అంబత్తూరు ఓటీ బస్టాండు దగ్గర ఎవరైనా ఉన్నారా?

ఓఎంఆర్_తమ్ముడు | గురువారం రాత్రి 10:41

అక్కా నేను వస్తాను. ఖాళీగానే ఉన్నాను కదా. మోడరేటర్ గారి ద్వారా బడి పేరు పంపండి, ముందు బడివాళ్ళకి నా ఫోటో కూడా పంపి చెప్పి ఉంచండి, మీరు లేకుండా కొత్త మనిషితో పంపరు. అమ్మకి ఇందాకే ఫోన్ చేశాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత అన్నం తిన్నావా అని అడిగింది.

పెరంబూరు_అమ్మమ్మ | గురువారం రాత్రి 10:50

పాప నన్ను గుర్తుపడుతుంది, నేనూ ఆ అబ్బాయితో కలిసి వస్తాను. బాబూ, మూడింటికల్లా గేటు దగ్గర ఉండు, నా చేతిలో ఆకుపచ్చ సంచి ఉంటుంది.